గార పట్టిన వాల్వు

పనిలో చేరిన రోజునుంచీ అతన్ని అందరూ బావమరిది అనే పిలిచారు. నిజానికి ప్లాంటులో అతనికి ఆ వరసైన మనిషి ఒక్కడే, అక్క మొగుడు. ఫిట్టర్ల గదిలో అలాంటి పట్టింపులు ఎవరికీ లేవు. క్యాంటీన్‌లో టీ పోసే ముసలాయన కూడా "ఇదిగో బావమరిదీ, నీ గ్లాసు" అనేవాడు. "అక్కనిచ్చి ఉద్యోగం పుచ్చుకున్నాడు" అని వెల్డరు ఏడిపిస్తే, "నీకు అక్క లేకపోతే నేనేం చెయ్యను" అని ఇతను అంటించేవాడు.

బావకీ అక్కడో పేరుంది, నిదానం. ఎవరు ఎంత తొందరపెట్టినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే కాబట్టి పేరు కూడా అదే అయి కూర్చుంది. బోల్టు విప్పేముందు గొట్టాన్ని పానాతో తట్టి చెవి పెట్టి వినేవాడు. చేతి తొడుగు తీసి వేళ్ళ వెనకవైపుతో వేడి చూసేవాడు. "పెళ్ళిచూపులు అయ్యాయా, ఇక విప్పుదామా" అని బావమరిది విసుక్కుంటే, "మీ అక్కని చూసినప్పుడు ఇంత జాగ్రత్తపడలేదురా, అందుకే ఇప్పుడు పడుతున్నాను" అనేవాడు. సాయంత్రం ఆ మాట అక్కకి చేరేది. రాత్రి అన్నం దగ్గర బావకి మాటలు పడేవి. ఆ ముగ్గురి సంసారం అలా నడిచేది.

అది నేల అడుగునుంచి వేడి తోడే ప్లాంటు. ఎంతో లోతుకి బోర్లు వేసి, అక్కడ మరుగుతున్న ఉప్పునీటిని పైకి తెచ్చి, ఆవిరితో కరెంటు తీసి, మిగిలిన వేడిని ఊళ్ళోకి పంపుతారు. ఇళ్ళు వెచ్చబడేదీ, ఆసుపత్రికి వేడినీళ్ళు అందేదీ, అక్క పనిచేసే లాండ్రీ నడిచేదీ దానితోనే. ఆ ఉప్పునీటిలో రాయి కరిగి ఉంటుంది. లోపలున్నంతసేపూ నీళ్ళలో నీళ్ళలాగే ఉండి, పైకి వచ్చి ఒత్తిడి తగ్గి కాస్త చల్లబడగానే గొట్టాల గోడలకి అంటుకుంటుంది. పళ్ళకి పట్టినట్టే పడుతుంది కనుక పనివాళ్ళు దాన్ని గార అంటారు. మొదట పల్చటి పొర. పోనుపోను సుత్తి దెబ్బకి కూడా లొంగని రాయి. ఆ రాతి చాటున ఇనుము తుప్పుపట్టి తరిగిపోతూ ఉంటుంది. బయటికి మాత్రం గొట్టం కొత్త రంగుతో నిగనిగలాడుతూ కనిపిస్తుంది.

ఆ తరుగు కనిపెట్టడం ఇంజనీరమ్మ పని. ఇనుము సంగతులు చదువుకుని వచ్చిన మనిషి. చిన్న పరికరం గొట్టానికి ఆనించి, లోపల ఎంత మందం మిగిలిందో చెప్పేది. చలికాలం ముందు పెద్ద బోరు దగ్గర గొట్టం వంపు తిరిగే చోట పరికరం పెట్టి, ముఖం చిట్లించి, మళ్ళీ పెట్టి చూసింది. "ఇది ఈ చలికాలం ఆగదు. మార్చాల్సిందే" అంది.

"బోరు మొత్తం ఆపి మార్చాలి" అని కూడా అంది. మేనేజరు దానికి ఒప్పుకోలేదు. బోరు ఒకసారి చల్లారితే మళ్ళీ లేపడానికి వారాలు పడుతుంది, ఈలోగా ఊరంతా వణుకుతుంది అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. బోరుని పక్క గొట్టంలోకి మళ్ళించి, వంపుకి ముందున్న ఒక్క వాల్వు కట్టేసి పని కానివ్వమన్నాడు. అలా అంతకుముందూ చేశారు. ఏమీ కాలేదు.

ఆ ఉదయం వాల్వు కట్టింది బావమరిది. చక్రం సగం దాకా బిగువుగా, ఆ తర్వాత మరీ బిగువుగా తిరిగి, ఒకచోట ఠక్కున ఆగింది. అతను చక్రం చువ్వల మధ్య ఇనపకడ్డీ దూర్చి, దానిమీద బరువంతా వేశాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"కట్టేశాను బావా."

"గట్టిగానేనా?"

"నువ్వొచ్చి ఊగు కావాలంటే."

నిదానం వచ్చి నిజంగానే కడ్డీ పట్టుకుని ఊగాడు. తర్వాత వంపు అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పాడు. లోపల నీళ్ళు మిగిలుంటే, ఒత్తిడి ఉంటే అందులోంచి బయటికి కొట్టాలి. చుక్క రాలేదు. మీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. అయినా ఆయన వెంటనే మొదలుపెట్టలేదు. గొట్టం తట్టి విన్నాడు, వేళ్ళ వెనకవైపు ఆనించి చూశాడు. వెచ్చగా ఉందంతే. టీ తాగి వద్దాం పద అన్నాడు. తాగి వచ్చాక మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తే ఇంకా చల్లబడింది. అప్పుడు బోల్టులు వదులు చేయడం మొదలుపెట్టారు.

చివరి బోల్టులు వదులయ్యాక కూడా వంపు ఊడి రాలేదు. లోపలి గార రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుంది. నిదానం సందులో గునపం పెట్టి ఒక్క ఎత్తు ఎత్తాడు. లోపల ఏదో పటుక్కుమంది. పెద్ద చప్పుడు కూడా కాదు, పింగాణీ పళ్ళెం విరిగినట్టు. ఆ వెంటే తెల్లగా వచ్చి మీద పడింది.

బావమరిది రెండోవైపు ఉన్నాడు. అతనికి మోచేతి మీద కాలింది. వెల్డరు అతన్ని నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఆవిరిలో బావ కనబడలేదు. పడిపోయినట్టు కూడా తెలియలేదు. బోరు మొత్తాన్నీ ఆపే అడుగు వాల్వు కట్టి, ఆ హోరు ఆగి, తెలుపు విడిపోయాక అప్పుడు కనబడ్డాడు. గోడవైపు పాక్కుంటూ పోయి, అక్కడ కూర్చుని ఉన్నాడు. ఒంటిమీది బట్టలు తడిసి ఆవిరి కక్కుతున్నాయి. ఎవరినీ పిలవలేదు. తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు బతికాడు. ముఖంలో కళ్ళూ నోరూ తప్ప అంతా కట్లే. అక్క ఆ గదిలోంచి కదల్లేదు. మంచం మీది దుప్పట్లు రోజూ తన లాండ్రీలో తను ఉతికేవే. వాటి అంచు సరిచేయడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఒక మధ్యాహ్నం నిదానం బావమరిదిని దగ్గరకి రమ్మన్నట్టు కళ్ళతో పిలిచాడు.

"చిన్న కుళాయి..." అన్నాడు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నేను తిప్పాను కదరా?"

"తిప్పావు బావా. నేను చూశాను. చుక్క రాలేదు."

"మరి అదెలా వచ్చింది?"

బావమరిది తన మోచేతి మీది కట్టు సవరించుకున్నాడు.

"నిదానంగానే ఉన్నాను కదా," అన్నాడు ఆయన. అడిగినట్టు కాదు, ఎవరికో సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు.

"ఉన్నావు బావా. టీ కూడా తాగొచ్చాం."

"మీ అక్క ఏదీ?"

"ఇక్కడే ఉన్నాను" అంది అక్క, మంచానికి అటువైపునుంచి. ఆ తర్వాత ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లవారి ప్రాణం పోయింది.

ఈ లోపల ప్లాంటులో పని ఆగలేదు. చలి ముదిరింది, ఊళ్ళో ఇళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. మేనేజరు ఆ వాల్వు ఊడదీయించి, గార వదలడానికి యాసిడ్ తొట్టిలో వేయించాడు. ఇంజనీరమ్మ అప్పుడు నిదానాన్ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళి ఉంది. పరుగున వచ్చేసరికి వాల్వు తొట్టిలోంచి బయటికొచ్చి, కడిగి, బల్లమీద తళతళలాడుతోంది. చక్రం వేలితో తిప్పితే తిరుగుతోంది. నీళ్ళని ఆపే లోపలి తలుపు చివరిదాకా దిగి, జుట్టు దూరే సందు లేకుండా మూసుకుంటోంది. చిన్న కుళాయి ఉన్న వంపుముక్కని అప్పటికే పాత ఇనుముతో కలిపి లారీలో పంపేశారు.

"వాల్వు బాగానే ఉంది" అన్నాడు మేనేజరు విచారణలో. "అంటే కట్టిన మనిషి పూర్తిగా కట్టలేదనుకోవాలి."

ఆయన గొంతులో కసి లేదు. ఆ మాట అనేసి నీళ్ళు తాగాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళెవరూ బావమరిది వైపు చూడలేదు.

మొదట్లో అతను గట్టిగానే చెప్పాడు. ఠక్కున ఆగిందనీ, కడ్డీ వేశాననీ, బావ కూడా ఊగి చూశాడనీ. అయితే ఎన్నిసార్లు చెబితే అంత పల్చబడింది ఆ జ్ఞాపకం. చక్రం ఆగింది నిజంగా చివరేనా? ఇంకో చుట్టు ఉందేమో. ఆ ఉదయం వెల్డరుతో ఏదో పరాచికాలాడుతూ తిప్పాడు. ఆ నవ్వులో పడి సగంలో వదిలేశాడేమో. బావ ఊగింది తను ముందే బిగుసుకుపోయిందని చెప్పాక కదా. తన మాట నమ్మి తేలిగ్గా ఊగాడేమో. పనికి వెళ్ళడం మానేశాడు. అక్క ఇంటి ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలో పొద్దస్తమానం అరచేతులు చూసుకుంటూ కూర్చునేవాడు.

అక్క ఏమీ అనలేదు. అదే అతనికి ఎక్కువ భరించలేనిదిగా ఉండేది. అన్నం పెట్టేది, కంచం తీసేది. ఒకరోజు బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"కట్టావా, లేదా? నాకొక్కటి చెప్పు."

"గట్టిగా తగిలి ఆగింది అక్కా."

"తగలడం గురించి కాదు నేనడిగేది."

అతను "తెలియట్లేదు" అన్నాడు.

అక్క మడతపెట్టిన బట్టలు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు అతను ప్లాంటుకి వెళ్ళి మేనేజరుతో చెప్పాడు, తానే సరిగా కట్టలేదని. చెప్పాక, విచిత్రంగా, ఒంట్లో కాస్త తేలికయింది. జరిగినదానికి ఒక కారణం దొరికింది. ఆ కారణం తనే.

ఆ సాయంత్రమే ఇంజనీరమ్మ ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏం చూసి ఒప్పుకున్నావు?" అంది.

"ఇంకేం ఉంటుందండీ. వాల్వు బాగానే ఉందిగా."

"యాసిడ్లో నానబెట్టాక బాగుండక ఏమవుతుంది? అంతకుముందు ఎలా ఉందో ఎవరికీ తెలియదు. నీకూ తెలియదు, నాకూ తెలియదు. నువ్వేమో తెలిసినట్టు చెప్పొచ్చావు."

"నా మీద వేసుకుంటే ఎవరికి నష్టమండీ? పోయినాయన ఎలాగూ పోయాడు."

"రెండో బోరుకి కూడా అలాంటి వాల్వే ఉంది. రెండూ ఒకేసారి బిగించారు. దాన్నీ ఇలాగే కట్టి, దాని ముందరా మనుషుల్ని నిలబెడతారు. ఎందుకంటే తప్పు వాల్వుది కాదు, నీది. నువ్వే చెప్పావుగా. మేనేజరు ఇవాళ నాతో అదే అన్నాడు. మనిషి తప్పు, మనిషిని మార్చాం, అయిపోయింది అన్నాడు."

బావమరిది తల దించుకున్నాడు. లోపలి గది గుమ్మంలో అక్క ఎప్పుడు వచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు.

"ఆ రెండో వాల్వు ఊడదీసి చూడచ్చా అమ్మా?" అని అడిగింది అక్క.

"చూడచ్చు. బోరు మొత్తం ఆపించాలి. ఆపిస్తాను. నా ఉద్యోగం పోతే పోతుంది."

"ఆపించినప్పుడు నాకు కబురు చెయ్యండి. నేనొస్తాను."

ఎలా ఒప్పించిందో కానీ ఇంజనీరమ్మ అన్నంత పనీ చేసింది. మేనేజరు ఆమెతో మాటలు మానేశాడు. రెండో బోరు అడుగునుంచి కట్టి, చల్లటి నీళ్ళు పోసి నిద్రపుచ్చి, వాల్వుని క్రేనుతో దించి పెరట్లో సిమెంటు చపటా మీద పెట్టారు. తొట్టిలో వేయొద్దని ఇంజనీరమ్మ దాని పక్కనే నిలబడింది. అక్క లాండ్రీలో కట్టే చీరతోనే, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. వెల్డరూ మిగతా ఫిట్టర్లూ కాస్త దూరంగా, ఆమెకి ఎదురుపడడానికి ముఖం చెల్లక, నిలబడ్డారు.

"చక్రం ఎటు తిప్పితే మూసుకుంటుంది?" అని అడిగింది అక్క.

"నువ్వు వద్దక్కా" అన్నాడు తమ్ముడు.

"ఎటురా?"

చెప్పాడు. ఆమె కొంగు నడుంలో దోపుకుని చక్రం పట్టుకుంది. లాండ్రీలో తడి దుప్పట్ల గంపలు ఎత్తిన చేతులు, బలానికి లోటు లేదు. చక్రం బరువుగా తిరిగింది, ఇంకా బరువెక్కింది, ఠక్కున ఆగింది. ఆమె కాళ్ళు ఎడంగా పెట్టి మళ్ళీ గుంజింది. కడ్డీ ఇమ్మని చెయ్యి చాచింది. తమ్ముడు ఇచ్చాడు. కడ్డీ మీద వాలి, ఊపిరి బిగబట్టి అదిమింది. చక్రం కదల్లేదు.

"నువ్వూ రా" అంది. ఇద్దరూ కలిసి వాలారు. లాభం లేదు.

"మూసుకున్నట్టేనా?" అంది ఇంజనీరమ్మ నెమ్మదిగా.

"మూసుకుంది" అంది అక్క.

ఇంజనీరమ్మ అటువైపు వెళ్ళి వాల్వు నోట్లో టార్చిలైటు పెట్టి వెలిగించింది. "ఇప్పుడు వంగి చూడండి."

అక్క మోకాళ్ళమీద కూర్చుని చూసింది. చీకటి గుండ్రంగా ఉంది. దాని అడుగున మాత్రం కోసిన గోరుముక్కలా సన్నటి వెలుగు. తలుపు దిగాల్సిన గాడిలో గోధుమరంగు రాయి పేరుకుపోయింది. తలుపు ఆ రాతిమీద కూర్చుని అదే తన చోటనుకుని ఆగిపోయింది. తలుపు దిగుతూ గీకిన గార ఆ సందుని కూడా పొడిపొడిగా కప్పి ఉంది. ఇంజనీరమ్మ పుల్లతో పొడిస్తే అది పెచ్చుగా రాలి, వెలుగు పెరిగింది. వాల్వుతోపాటు ఊడదీసి పక్కన పెట్టిన గొట్టంముక్క తెచ్చి దాని చిన్న కుళాయిలో తీగ దూర్చబోయింది. తీగ వంగిపోయింది కానీ లోపలికి దిగలేదు. మీటరుకి వెళ్ళే రంధ్రమూ అంతే.

"ఈ పెచ్చు ఆపినంతసేపూ ఆపుతుంది," అంది. "గొట్టం చల్లబడుతుంది, కుళాయిలో చుక్క రాదు, మీటరు సున్నా చూపిస్తుంది. గునపంతో కదిపితే పెచ్చు పోతుంది. ఆ రోజు జరిగింది ఇదే అని నేను ప్రమాణం చేయలేను. కానీ ఎవరు కట్టినా ఇంతే అయ్యేది."

వెల్డరు వచ్చి చూశాడు. ఒక్కొక్కళ్ళే వచ్చి మోకాళ్ళమీద కూర్చుని చూసి లేచారు. వాళ్ళందరూ ఎన్నో ఏళ్ళుగా ఆ చక్రాలు బిగించి, వాటికి వీపు ఆనించి కూర్చుని అన్నాలు తిన్నవాళ్ళు.

తిరిగి వెళుతూ అక్కా తమ్ముడూ బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. చక్రం తిప్పిన చోట ఆమె అరచేతులు కందిపోయాయి. చాలా దూరం పోయాక అంది:

"నీ తప్పయి ఉంటే బాగుండేదిరా."

అతను ఆమె వైపు తిరిగాడు.

"తిట్టుకునేదాన్ని. కొన్నేళ్ళు నీ ముఖం చూసేదాన్ని కాదు. తర్వాత ఎప్పుడో కడుపు తరుక్కుపోయి పిలిచేదాన్ని. ఇప్పుడు ఎవరిని తిట్టను? ఆ రాయినా?"

"నాకూ అలాగే ఉందక్కా" అన్నాడు. అక్క ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన పోయాక తమ్ముడి ఎదుట ఆమె ఏడవడం అదే మొదలు.

విచారణ కాగితంలో మాట పెద్దగా మారలేదు. కారణం తేలలేదని రాసి చేతులు దులుపుకున్నారు. ఒక్క వాల్వు నమ్మి బోరు దగ్గర పని చేయకూడదనీ, చిన్న కుళాయి తిప్పి ఊరుకోకుండా అందులో ఉక్కు చువ్వ దూర్చి దారి ఉందో లేదో చూడాలనీ మాత్రం ఒక నియమం వచ్చింది. ఇంజనీరమ్మ చలికాలం దాటేదాకా ఉండి, వేరేచోటికి వెళ్ళిపోయింది. మేనేజరు ఆమెను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

బావమరిది మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. అక్క వద్దంది. "ఆ చువ్వ దూర్చేవాడు ఒకడు కావాలి కదక్కా" అన్నాడు. ఆమె ఇక వాదించలేదు. ఫిట్టర్ల గదిలో వేళాకోళాలు మెల్లమెల్లగా మళ్ళీ మొదలయ్యాయి. అతన్ని మాత్రం ఎవరూ బావమరిది అని పిలిచేవారు కాదు. ఏమని పిలవాలో తోచక "ఇదిగో" అనేవారు.

వేసవిలో ఒకరోజు మూడో బోరు దగ్గర పని పడింది. రెండు వాల్వులూ కట్టారు. రెండూ గట్టిగా ఆగాయి. మీటరు సున్నా. కుళాయిలో చుక్క లేదు. బావమరిది అందరినీ దూరంగా పొమ్మని, పక్కకి ఒరిగి నిలబడి, కుళాయిలో చువ్వ పెట్టి సుత్తితో కొట్టాడు. రెండో దెబ్బకో మూడో దెబ్బకో చువ్వ చేతిలోంచి ఎగిరిపోయింది. కుళాయిలోంచి తెల్లటి ఆవిరి కూతపెట్టి నేలమీదికి తన్నింది. ఎంతసేపటికీ ఆగలేదు. వంపు విప్పడానికి పానా పట్టుకుని సిద్ధంగా ఉన్న వెల్డరు దాన్ని నేలమీద పెట్టి, తనూ దాని పక్కనే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళి అక్కకి జరిగింది చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ వింది.

"వంపు విప్పాల్సింది ఎవరు?"

"వెల్డరు."

"అతనికి పెళ్ళయిందా?"

"అయింది. ఇద్దరు పిల్లలు."

"ఆ అమ్మాయికి తెలుసా ఇది?"

"ఇంకా తెలియదనుకుంటా. వాడు చెప్పుకునే స్థితిలో లేడు."

అక్క చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "చెప్పకండి" అంది. "మామూలుగా ఇంటికి వెళ్ళి అన్నం తినమను."

తర్వాత మళ్ళీ బియ్యం ఏరసాగింది.